వెన్నుపాము గాయానికి పసుపు గుళికలు వాడవచ్చా?

ప్రశ్న (గుణుపూర్):
మా బావమరిది వానాకాలంలో జీలుగు చెట్టు మీద నుంచి జారిపడ్డాడు. వెన్నుపాము దెబ్బతిని నడుము కింద స్పర్శ పోయింది. ఆపరేషన్ అయ్యాక ఇంటికి తెచ్చుకున్నాము. రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడుతున్నాడు. పసుపులోని కర్క్యుమిన్ నరాలను మళ్లీ పెంచుతుందంటూ, మిరియాల సారం కలిపిన గుళికలను బంధువులు పంపారు. వాడమంటారా?

జవాబు (పర్లాకిమిడి, ఫార్మసీ అధ్యాపకుడు):
డాక్టరుగారికి చూపకుండా ఒక్క గుళిక కూడా వేయకండి. వెన్నుపాముకు దెబ్బ తగిలిన తర్వాత కొన్ని గంటల నుంచి కొన్ని వారాల వరకు వాపు, ఆక్సీకరణ ఒత్తిడి (కణాలను దెబ్బతీసే రసాయన చర్య), కణాల మరణం కొనసాగి, మొదటి దెబ్బకు తప్పించుకున్న నరకణాలను కూడా బలి తీసుకుంటాయి. ఎలుకల్లో కర్క్యుమిన్, ద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్, ఉల్లిలోని క్వెర్సిటిన్ తగ్గించినది ప్రధానంగా ఈ రెండో నష్టాన్నే. ఆ ప్రయోగాల్లో ఎక్కువగా గాయం చేసిన కొద్దిసేపటికే మందు ఇచ్చి, వెనుక కాళ్ల కదలికకు 0 నుంచి 21 వరకు మార్కులు వేస్తారు. నెలలు గడిచిన గాయంలో తెగిన నరాల తంతువులు తిరిగి పెరగాలి, మచ్చ కణజాలాన్ని దాటాలి. పసుపు సారం మనుషుల్లో ఆ పని చేస్తుందనడానికి రుజువు లేదు.

మిరియాల సంగతి మరీ ముఖ్యం. కర్క్యుమిన్ ఒంటికి పట్టేది చాలా తక్కువ. 2 గ్రాముల కర్క్యుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపెరిన్ (మిరియాల ఘాటుకు కారణమైన పదార్థం) కలిపితే మనుషుల రక్తంలో దాని లభ్యత 2000 శాతం పెరిగిందని బెంగళూరు పరిశోధకులు 1998లో ప్రకటించారు. కాలేయం, పేగులు మందులను విరిచే పనిని పైపెరిన్ అడ్డుకోవడమే అందుకు కారణం. అదే కారణంగా ఆయన వేసుకునే ఇతర మందుల మోతాదు కూడా రక్తంలో మారిపోవచ్చు. పైగా రక్తం పలుచబడే మాత్రలకు కర్క్యుమిన్ తోడైతే రక్తస్రావం భయం ఉంది.

జవాబు (రాయగడ, ఫిజియోథెరపిస్టు):
అమ్మా, గుళికలకు పెట్టే డబ్బుతో గాలి పరుపు కొనండి. స్పర్శ లేని చోట ఒత్తిడికి పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్క మార్చండి. రోజూ తోక ఎముక దగ్గర, మడమల దగ్గర చర్మం చూడండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడకపోతే, ఇక ఆ చోట బరువు పడనివ్వకూడదు. అక్కడ పసుపు ముద్ద పూయకండి, ఎరుపు ముదిరినా ఆ రంగులో కనిపించదు.

ప్రశ్న (గుణుపూర్):
గుళికలు పక్కన పెట్టేశాను అన్నగారూ, డాక్టరుగారికి చూపిస్తాను. కూరల్లో పసుపు కూడా మానేయాలా?

జవాబు (పర్లాకిమిడి):
అక్కర్లేదమ్మా. పసుపు పొడిలో కర్క్యుమిన్ సుమారు 3 శాతమే ఉంటుంది; కూరలో వేసే చిటికెడుతో ఇబ్బంది లేదు.