సండే స్కూల్ పిల్లలకి కీర్తనలు ఎలా నేర్పాలి? నా వల్ల కావట్లేదు

కొత్త_టీచర్:
అందరికీ వందనాలండి. మా చర్చిలో సండే స్కూల్ పాటలు నాకప్పగించి ఆరు నెలలైంది. 20 మంది దాకా ఉంటారు, 5 ఏళ్ళ బుడ్డోళ్ళ నుంచి 13 ఏళ్ళ వాళ్ళ దాకా అంతా ఒకే గదిలో. యాక్షన్ సాంగ్ పెడితే పైకప్పు లేచిపోద్ది, అదే కీర్తన మొదలెడితే సగం మంది దిక్కులు చూస్తారు, మిగతా సగం అరుస్తారు. పాస్టర్ గారేమో రెండు నెలల్లో ఆరాధనలో పిల్లలతో ఒక కీర్తన, మూడు చరణాలు, పుస్తకం చూడకుండా పాడించమన్నారు. ప్రింట్ తీసిచ్చా, యూట్యూబ్‌లో ట్రాక్ పెట్టా, ప్రతి వారం పాట మొత్తం నాలుగుసార్లు పాడిస్తున్నా, మళ్ళీ ఆదివారం వచ్చేసరికి పల్లవి తప్ప ఏమీ ఉండదు. ఈ కాలం పిల్లలకి కీర్తనలు ఎక్కవు, వదిలెయ్ అంటున్నారు కొందరు. నిజమేనా?

ఆల్టో_అక్క:
వందనాలు తమ్ముడూ. ఎక్కకపోవడం కాదు, ముందు ఆ ట్రాక్ ఏ శృతిలో ఉందో చూడు. పెద్దవాళ్ళ ట్రాకులు పెద్దవాళ్ళ గొంతుకి తగ్గట్టు చేసినవి. పిల్లలకి హాయిగా పలికేది కీబోర్డు మధ్యలో ఉండే సి పక్కన డి నుంచి ఆ పై డి దాకా, అంటే ఒక్క స్థాయి, చిన్నవాళ్ళకైతే అంత కూడా ఉండదు. మనమేమో పాపం పిల్లలు కదా అని శృతి బాగా తగ్గించేస్తాం, అప్పుడే వాళ్ళు అరుస్తారు, ఎందుకంటే అంత కింద వాళ్ళకి మామూలుగా మాట్లాడే గొంతే దొరుకుతుంది, పాడే గొంతు దొరకదు. కొంచెం పెంచి, పక్కగదిలో పాపాయి నిద్రపోతోంది, లేవకుండా పాడండి అని చెప్పి చూడు. నేను ఇన్నేళ్ళలో "అరవద్దు" అని వందసార్లు చెప్పినా కాని పని ఆ ఒక్క మాటతో అయింది.
ఇంకోటి, నువ్వు మగ గొంతుతో పాడితే ఒక స్థాయి కింద వినిపిస్తుంది, చిన్నోళ్ళు నిన్ను అనుకరించబోయి గొంతు బొంగురు చేసుకుంటారు. బాగా పాడే పెద్ద పాప ఎవరైనా ఉంటే ముందు తనకి నేర్పి, తనచేత అందరికీ పాడించు.

కీబోర్డ్_బ్రదర్:
అక్క చెప్పింది కరెక్ట్. ట్రాక్ అసలు ఆపేయండి బ్రదర్, ట్రాక్ ఎవరి కోసమూ ఆగదు కదా. మొత్తం పాట నాలుగుసార్లు పాడించడం కూడా దండగే, ఒక లైను మీరు పాడండి, వాళ్ళు వినాలి, తర్వాతే వాళ్ళు పాడాలి, మీతో కలిసి కాదు. నేనైతే చరణం ఆఖరి లైను నుంచి మొదలుపెడతా. అది వచ్చాక దాని ముందు లైను కలిపి రెండూ, తర్వాత మూడూ, ఇలా వెనక నుంచి. అప్పుడు పాడే కొద్దీ తెలిసిన చోటికి వస్తుంటారు, చివర్లో గొంతులు నీరసపడవు. తర్వాత బోర్డు మీద చరణం రాసి ఒక్కసారి పాడగానే ఒక్కో మాట తుడిచెయ్యండి, ఏ మాట తుడవాలో ఒక పిల్లోడిని ఎంచుకోమనండి. ఖాళీ బోర్డు చూసి చరణం పాడేశాక వాళ్ళ మొహాలు చూడాలి.
మన కష్టం కొత్తదేం కాదులెండి. 1841లో ఇంగ్లాండులో సండే స్కూల్ టీచర్లు పిల్లలకి పాటలు నేర్పే తేలిక దారి వెతకమని జాన్ కర్వెన్ అనే పాస్టర్‌ని అడిగారు, ఆయన సారా గ్లోవర్ అనే టీచరమ్మ పద్ధతి తీసుకుని డో రే మీ మీద పెంచాడు, తర్వాత ఒక్కో స్వరానికి ఒక్కో చేతి గుర్తు కూడా పెట్టాడు. అంత లేకపోయినా రాగం పైకెళ్తే చెయ్యి పైకి, కిందికొస్తే కిందికి చూపించండి, యాక్షన్ సాంగ్ పిల్లలు దానికే అతుక్కుపోతారు.

వెనక_బెంచీ:
అర్థం సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? కీర్తనల్లో సగం మాటలు పిల్లలకి కాదు, మనకే తెలీవు. మా క్లాసులో ఒకడు "ఆదరణకర్త" దగ్గర ప్రతి వారం "ఆదివారకర్త" అని గట్టిగా పాడేవాడు. ఏంట్రా అంటే, ఆదివారం వస్తాడు కదా టీచర్ అన్నాడు, పూర్తి నమ్మకంతో. నవ్వొచ్చింది గానీ తప్పు నాదే, నేనేనాడూ చెప్పలేదు. అప్పట్నుంచి వారానికి రెండే మాటలు తీసుకుని, పాడకముందు కథలా చెప్తున్నా. ఏడ్చే పిల్లాడి దగ్గర కూర్చుని ఓదార్చేవాళ్ళని చూశారా, అదే ఆదరణ అని చెప్తే చాలు, ఆ తర్వాత పదం తప్పు పోదు.

చిన్నపాటల_పార్టీ:
నేను కొంచెం వేరేగా అంటా. 5 ఏళ్ళ వాళ్ళకి మూడు చరణాలు కంఠతా పెట్టించడం ప్రోగ్రాం కోసమే తప్ప వాళ్ళ కోసం కాదు. బైబిల్లో 136వ కీర్తన తీసి చూడండి, 26 వచనాలు, 26 సార్లూ "ఆయన కృప నిరంతరముండును" అనే. ఒకరు వచనం చదివితే మిగతావాళ్ళు ఆ ఒక్క మాట అందుకోవడానికి వీలుగానే ఉంది కదా. అదే పద్ధతిలో చిన్నోళ్ళకి పల్లవి ఇచ్చెయ్యండి, చరణాలు పెద్ద పిల్లలు పాడతారు. అందరూ పాడినట్టే ఉంటుంది, ఎవరూ ఏడవరు. ప్రైజులు మాత్రం పెట్టకండి దయచేసి, మేం పెట్టి చూశాం, మూడో వారానికి పాడేది ప్రైజులొచ్చే ముగ్గురే మిగిలారు.

కొత్త_టీచర్:
అందరికీ చాలా థాంక్సండి. నిన్న ట్రాక్ ఆపేసి శృతి పెంచి, పాపాయి నిద్ర సంగతి చెప్పా. నిజంగా గది మెత్తబడిపోయింది, నాకే నమ్మబుద్ధి కాలా. వెనక నుంచి రెండు లైన్లు వచ్చేశాయి, పల్లవి బుడ్డోళ్ళకే ఇచ్చా. ఒక్క డౌట్ మిగిలింది. 13 ఏళ్ళ బాబు ఒకడు, ముందు బాగా పాడేవాడట, ఇప్పుడు గొంతు చీలిపోతోంది, అందరూ నవ్వుతారని పెదాలు మాత్రం కదుపుతున్నాడు. వాడిని ఏం చెయ్యను?

ఆల్టో_అక్క:
ఆపనివ్వకు, బలవంతమూ పెట్టకు. ఆ వయసులో గొంతు మారడం మామూలే, కొన్ని నెలలు పడుతుంది. విడిగా కూర్చోబెట్టి ఏ నాలుగైదు స్వరాలు ఇబ్బంది లేకుండా పలుకుతున్నాయో చూడు, వాడికి పైశృతి వద్దు, కిందనే పల్లవి పాడనివ్వు, నువ్వు పక్కన నిలబడి అదే పాడు. ఇన్నాళ్ళూ పిల్లలకి పనికిరాని నీ గొంతు వాడికే పనికొస్తుంది. చరణాలప్పుడు తాళం వాడి చేతికివ్వు.