శనివారం ప్రాక్టికల్స్, పైగా సందేహాలు: తమ్ముడికి ఏం చెప్పాలి?

ప్రశ్న (అక్క):
అందరికీ వందనాలు. మాది అడ్వెంటిస్టు క్రైస్తవ సంఘం. మా తమ్ముడు స్కూలంతా అడ్వెంటిస్టు బడిలోనే చదివాడు. ఇప్పుడు యూనివర్సిటీలో బయాలజీ. క్లాసు మొత్తంలో అడ్వెంటిస్టు వాడొక్కడే. శనివారం మాకు సబ్బాతు, అంటే పనులు మానేసి ఆరాధనకు ఉంచుకునే రోజు; ఆ రోజే ప్రాక్టికల్స్ వేశారు. దానికి తోడు పరిణామవాదం పాఠాలు విన్నప్పటి నుంచి సృష్టి గురించి ఏవేవో అడుగుతున్నాడు. చదువు మానిపించేద్దాం అంటోంది అమ్మ. నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు (లెక్చరర్, సబ్బాతు బడి టీచర్):
అమ్మా, చదువు మానిపించకండి. టైమ్‌టేబుల్ చేతికొచ్చిన వారంలోనే లెటర్ ఇవ్వాలి. ముందురోజు వచ్చి "సార్, రేపు సబ్బాతు" అంటే ఏ హెచ్‌ఓడీకైనా (డిపార్ట్‌మెంట్ హెడ్) చిర్రెత్తుతుంది, నాతో సహా. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం సూర్యాస్తమయం దాకా రాలేనని రాసి, ఆదివారమైనా, వేరే బ్యాచ్‌తోనైనా చేస్తానని కూడా రాయాలి. పని జరిగేది ఆ రెండో ముక్క వల్లే. బైబిల్లో దానియేలు కూడా రాజు భోజనం వద్దని ఊరుకోలేదు, పది రోజులు పరీక్షించి చూడమని తనే దారి చూపించాడు. చలికాలంలో పొద్దు తొందరగా గూకుతుంది కాబట్టి శుక్రవారం సాయంత్రం ల్యాబ్ కూడా చూసుకోమనండి. పాస్టర్ గారి లెటర్ జతచెయ్యండి. ఇలాంటివాటికి సంఘంలో మత స్వేచ్ఛ విభాగమే ఉంది.

ఇక సందేహాలు. "ప్రార్థన చెయ్యి, పోతాయి" అని మాత్రం అనకండి. నేను చూసినంతలో పిల్లలు దూరమయ్యేది డార్విన్ వల్ల కాదు, అడిగితే ఇంట్లో మొహం మాడ్చుకుంటారని. పరీక్షలో పాఠం రాసినంత మాత్రాన నమ్మినట్టు కాదు, హాయిగా రాయమనండి. యూనివర్సిటీ విద్యార్థుల కోసమే సంఘం 1989 నుంచి 'డైలాగ్' పత్రిక తెస్తోంది, అది చదవమనండి.

జవాబు (థర్డ్ ఇయర్ విద్యార్థిని):
అక్కా, సార్ చెప్పింది నిజమే కానీ లెటర్ ఇచ్చినా ఒక్కోసారి ఒప్పుకోరు. నాకు ఒక పేపర్ పోయింది, మళ్ళీ రాశాను. అలా జరగొచ్చని వాడికి ముందే చెప్పి ఉంచండి. ఇంకోటి, శుక్రవారం రాత్రి అందరూ బయటికెళ్తే హాస్టల్ ఖాళీ అయిపోతుంది, అదే అసలు కష్టం. మా గదిలో ముగ్గురం పాటలు పాడుకుంటాం. అందులో ఒకమ్మాయి అడ్వెంటిస్టే కాదు, పాటల కోసం వస్తుంది!

అక్క:
థాంక్స్ సార్, థాంక్స్ చెల్లీ. లెటర్ నేను రాసిస్తానంటే వద్దు, నేనే రాసుకుంటానన్నాడు. అమ్మ ఇంకా మాట్లాడట్లేదు.

లెక్చరర్:
వాణ్ణే రాయనివ్వండి. హెచ్‌ఓడీ గదిలోకి కూడా వాడే వెళ్ళాలి, మీరు వెనక వెళ్ళకండి.