షాపు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ని ఎలక్ట్రాన్‌లో తిరగరాయాలా, వద్దా?

తెనాలి_బిల్లు
మాది ఇద్దరు మనుషుల కంపెనీ. నేను, మా తమ్ముడి కొడుకు. ఎరువుల దుకాణాలకీ మందుల షాపులకీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇస్తాం. 2003లో విజువల్ బేసిక్ 6లో నేనే రాశాను. ఇప్పటికీ అరవై షాపుల్లో నడుస్తోంది. ఆ కోడ్‌కి ఇంక అతుకులు వేసే ఓపిక లేదు, కొత్తగా రాయాలి. మావాడు ఎలక్ట్రాన్ అంటున్నాడు. అంటే వెబ్‌పేజీ రాసినట్టు హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్‌లో రాసి, క్రోమ్ లోపల ఉండే క్రోమియం ఇంజిన్‌ని కూడా కలిపి ఇన్‌స్టాలర్‌గా కట్టి ఇవ్వడమట. నాకేమో మైక్రోసాఫ్ట్ వాళ్ళ సీ షార్ప్ భాష మీద మనసు. షాపుల్లో ఎక్కువ 4 జీబీ ర్యామ్ మెషీన్లే, కొన్నిచోట్ల ఇంకా విండోస్ 7. నెట్ ఉన్నప్పుడు ఉంటుంది. బిల్లు డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద పడాలి. కస్టమర్ పేర్లు తెలుగులో రావాలని ఈమధ్య అడుగుతున్నారు. చేసి చూసినవాళ్ళు చెప్పండి.

పాతచింతకాయ
వద్దు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారే, ఇదే. ఖాళీ విండో తెరిచి అందులో "నమస్కారం" అని చూపించడానికే వంద ఎంబీ ర్యామ్ దాటిపోతుంది. మెయిన్ ప్రాసెస్ ఒకటి, రెండరర్ ఒకటి, గ్రాఫిక్స్‌కి ఇంకొకటి. టాస్క్ మేనేజర్ తెరిస్తే ఒకే యాప్ పేరు నాలుగైదు సార్లు కనపడుతుంది. ఇప్పుడున్న మీ ప్రోగ్రాం ఎంత తింటోందో ఒకసారి చూసి రండి. యూరియా బస్తాకి బిల్లు కొట్టడానికి బ్రౌజర్ ఇంజినా?

కర్లీబ్రేస్
ఈ "ఖాళీ విండో వంద ఎంబీ" లెక్క ఎప్పుడూ వినేదే. ఖాళీ విండోని ఎవరూ కొనరు అన్నా. విజువల్ స్టూడియో కోడ్ ఎలక్ట్రానే. స్లాక్, డిస్కార్డ్, సిగ్నల్, అబ్సిడియన్ అన్నీ అదే. వాటిని 8 జీబీ లాప్‌టాప్‌లో రోజంతా తెరిచి పెట్టుకుని పని చేసుకుంటున్నాం.

తెనాలి గారూ, మీది ఇద్దరి టీం. స్క్రీన్లు గబగబా కట్టాలంటే హెచ్‌టీఎంఎల్‌ని మించింది లేదు. రేపు ఓనరు ఫోన్‌లో స్టాక్ చూసుకుంటానంటే అదే కోడ్‌లో సగం పనికొస్తుంది. సీ షార్ప్‌తో విండోస్ ఫారమ్స్‌లో రాస్తే ఆ విండోస్ దగ్గరే ఆగిపోతారు.

నిద్రమత్తు
పల్లీలు తెచ్చుకుని కూర్చుంటున్నా.

పాతచింతకాయ
విజువల్ స్టూడియో కోడ్ పేరు వస్తుందని తెలుసు. మరి ఆటమ్ పేరెందుకు ఎత్తలేదు? అసలు ఎలక్ట్రాన్ పుట్టిందే ఆటమ్ ఎడిటర్ కోసం. 2013లో గిట్‌హబ్ వాళ్ళు "ఆటమ్ షెల్" అని మొదలుపెట్టి, 2015లో ఎలక్ట్రాన్ అని పేరు మార్చారు. ఆ ఆటమ్ నెమ్మదిగా ఉందని జనం తిట్టీ తిట్టీ వదిలేశారు. 2022 డిసెంబరు 15న మూసేశారు. రెండూ ఎలక్ట్రానే. ఒకటి పరిగెత్తింది, ఒకటి పోయింది. ఆ పరుగు వెనక మైక్రోసాఫ్ట్ జీతాలిచ్చి పెట్టుకున్న మనుషులున్నారు. 2018లో పెద్ద ఫైళ్ళ కోసం టెక్స్ట్ దాచే పద్ధతినే మొత్తం తిరగరాసుకున్నారు. తెనాలిలో ఇద్దరు మనుషులు ఆ పని చేస్తారా?

ఒత్తులు_గుణింతాలు
తెలుగు సంగతి నేను చెప్తాను, అది ఎవరూ ముట్టుకోవడం లేదు. విజువల్ బేసిక్ 6 కంట్రోళ్ళకి యూనికోడ్ రాదు. "శ్రీనివాసరావు" అని ఇస్తే ప్రశ్న గుర్తుల దండ వస్తుంది. క్రోమియంలో హార్ఫ్‌బజ్ అనే ఇంజిన్ అక్షరాలు పేరుస్తుంది కాబట్టి ఒత్తులు చక్కగా కూర్చుంటాయి. ఈ ఒక్క కారణానికే నా ఓటు వెబ్‌కి.

పాతచింతకాయ
1998 నాటి విబి6తో పోలుస్తారేమండీ? తెనాలి గారు అంటున్నది సీ షార్ప్. అందులో యూనికోడ్ మొదటి రోజు నుంచీ ఉంది. విండోస్ ఎక్స్‌పీలోనే గౌతమి ఫాంట్ వచ్చింది, ఒత్తులు అప్పుడే కూర్చున్నాయి.

కర్లీబ్రేస్
నేటివ్ అయితే, అంటే బ్రౌజర్ ఇంజిన్ లేకుండా నేరుగా ఆ సిస్టం కోసమే రాస్తే, తెలుగు భద్రం అనుకోకండి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు "జ్ఞా" చూసి కుప్పకూలింది మర్చిపోయారా? అది ఆపిల్ సొంత నేటివ్ టెక్స్ట్ ఇంజిన్‌లోనే.

ఒత్తులు_గుణింతాలు
మామూలు "జ్ఞా" కాదు. జ, విరామం (పొల్లు గుర్తు), ఞ, ఆ తర్వాత కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్, ఆ తర్వాత దీర్ఘం. ఈ వరుస వస్తేనే పడిపోయేది. ఐఓఎస్ 11.2.6లో సరిచేశారు. "జ్ఞానం" అని రాస్తే ఫోన్ పోతుందని టీవీల్లో ఊదరగొట్టారు. అది తప్పు.

కర్లీబ్రేస్
సరే సార్, విరామంతో సహా ఒప్పుకుంటున్నా. నా పాయింట్ అది కాదు.

ఒత్తులు_గుణింతాలు
నా పాయింట్ అదే.

తెనాలి_బిల్లు
బావుంది. విండోస్ 7 సంగతి ఎవరైనా చెప్తారా?

లినక్స్_లక్ష్మి
ఒక మాట చెప్పి వెళ్తాను. మా స్కూల్లో ల్యాబ్ అంతా ఉబుంటు. "నేటివ్" అనేవాళ్ళ దృష్టిలో డెస్క్‌టాప్ అంటే విండోస్ ఒక్కటే. మేమున్నామని వాళ్ళకి గుర్తు రాదు. ఎలక్ట్రాన్ వచ్చాకే సిగ్నల్ లాంటివి విండోస్ వాళ్ళతో పాటు మాకూ వచ్చాయి. ర్యామ్ తింటే తిననీ, ముందు యాప్ అంటూ ఉండాలి కదా.

పాతచింతకాయ
తెనాలి ఎరువుల కొట్లో ఉబుంటు ఉందా అమ్మా?

లినక్స్_లక్ష్మి
ఉంటే మీరిద్దరూ ఇన్ని పోస్టులు రాసే పని లేకపోయేది.

కర్లీబ్రేస్
అసలు విషయం అప్‌డేట్లు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారాయి. చాలా మందులు 12 శాతం నుంచి 5కి దిగాయి. అలాంటి రోజున ఎలక్ట్రాన్ యాప్ అయితే సర్వర్‌లో కొత్త వెర్షన్ పెడితే చాలు, అదే దించుకుంటుంది. పెన్‌డ్రైవ్ పట్టుకుని షాపు షాపుకీ తిరగక్కర్లేదు.

తెనాలి_బిల్లు
తిరిగాను. రెండు రోజులు, స్కూటర్ మీద.

పాతచింతకాయ
ఆటో అప్‌డేట్ ఎలక్ట్రాన్ కనిపెట్టిందా? సీ షార్ప్ నడిచే డాట్‌నెట్‌లో క్లిక్‌వన్స్ అని 2005 నుంచీ ఉంది. పైగా పన్ను రేటు కోడ్‌లో ఎందుకుండాలి? టేబుల్లో ఉంటే షాపాయనే మార్చుకుంటాడు. మీ తరం ప్రతిదానికీ కొత్త వెర్షన్ వదలడం అలవాటు చేసుకుంది. ఎలక్ట్రాన్ వాళ్ళు ఎనిమిది వారాలకో పెద్ద వెర్షన్ ఇస్తారు, చివరి మూడింటినే పట్టించుకుంటారు. వెనకబడితే క్రోమియంలో బయటపడ్డ సెక్యూరిటీ లొసుగులన్నీ మీ యాప్‌లో అలాగే ఉండిపోతాయి. మార్చారా, నేటివ్ మాడ్యూల్స్ (సీ లాంటి భాషలో రాసి కలిపే భాగాలు) చాలావరకు మళ్ళీ బిల్డ్ చేసుకోవాలి. డేటా దాచే ఎస్‌క్యూలైట్‌కీ అంతే. ఈ చాకిరీ ఎవరు చేస్తారు?

ఇంకోటి. డాట్ మ్యాట్రిక్స్‌కి బ్రౌజర్ పేజీ పంపిస్తే బొమ్మలా పంపుతుంది. ప్రింటర్ టెక్స్ట్ మోడ్‌లో టకటకా కొట్టే బిల్లు గీతా గీతా గీసుకుంటూ వస్తుంది. ఖరీఫ్‌లో కౌంటర్ ముందు ఇరవై మంది రైతులు నిలబడి ఉంటే తెలుస్తుంది.

కర్లీబ్రేస్
ప్రింటర్‌కి రా బైట్లు (బొమ్మ కాకుండా నేరుగా అక్షరాల కోడ్లు) ఎలక్ట్రాన్‌లో ఉండే నోడ్ నుంచి కూడా పంపొచ్చు. ఆ ప్రింటర్ టెక్స్ట్ మోడ్‌లో తెలుగు ఉండదు కాబట్టి తెలుగు పేరు కావాలంటే మీ సీ షార్ప్ కూడా బొమ్మే గీయాలి. అది చెప్పరేం?

పాతచింతకాయ
పేరు ఒక్క లైన్ బొమ్మ, మిగతాది టెక్స్ట్. మేం అలాగే చేశాం. నువ్వు రాసేది వెబ్‌సైట్ బాబూ. దానికి ఫ్రేం కట్టి గోడకి తగిలించి డెస్క్‌టాప్ యాప్ అంటున్నావు.

కర్లీబ్రేస్
మీరు "మేం" అన్నారంటే అర్థమైంది బాబాయ్ గారూ. మీ బాధ ర్యామ్ గురించి కాదు. మిమ్మల్ని పక్కన పెట్టారు, ఆ కోపం మామీద చూపిస్తున్నారు.

నిద్రమత్తు
అయ్యో.

వేదిక_మోడరేటర్
వ్యక్తిగతంగా వెళ్ళకండి. ఇద్దరికీ చెప్తున్నాను. ఇంకోసారి అయితే తాళం వేస్తాను.

పాతచింతకాయ
వెయ్యక్కర్లేదు మోడరేటర్ గారూ, అతనన్నది నిజమే. ఒక కంపెనీలో పదకొండేళ్ళు డెల్ఫీ అనే పాత ప్రోగ్రామింగ్ టూల్‌లో రాసిన యాప్. గోడౌన్ లెక్కలు. నొక్కితే తెరుచుకునేది. ఒకరోజు కొత్త మేనేజర్ వచ్చి "ఇది పాతది" అన్నాడు. పాతదైతే ఏమైంది, పని చేయట్లేదా అంటే జవాబు లేదు. ఎలక్ట్రాన్‌లో తిరగరాయించారు. మేం నలుగురం బయటికి. కొత్తది తెరుచుకోవడానికి గోడౌన్ కుర్రాడు టీ తాగొచ్చేంత టైం. వాడు ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తాడు, "సార్, పాతది ఉందా" అని. ఆ నిమిషాలు కంపెనీ లెక్కలో ఎక్కడా రాయలేదు. మా జీతాలు మిగిలాయని మాత్రం రాశారు. రాసేవాడికి సుఖం, ర్యామ్ కొనేది వాడేవాడు. నేను మొదటి నుంచీ చెప్తున్నది ఇదే.

కర్లీబ్రేస్
మీరు ఇప్పటిదాకా చెప్పింది వంద ఎంబీ గురించి. ఇది ఇప్పుడే చెప్పారు. నేనన్న మాటకి సారీ.

నాదీ చెప్తాను. నేను చేరిన మొదటి కంపెనీలో ఇలాంటి నేటివ్ యాప్ ఒకటి నా నెత్తిన పెట్టారు. రాసినాయన రిటైర్ అయ్యారు. సోర్స్ కోడ్ ఆయన లాప్‌టాప్‌లో ఒక కాపీ, సీడీలో ఒక కాపీ, రెండూ వేర్వేరు. కొన్న కాంపొనెంట్లకి లైసెన్స్ కీ ఎక్కడుందో తెలీదు. ఎనిమిది నెలలు అందులోనే గడిచాయి. జావాస్క్రిప్ట్ అయితే ఇంకో పదిమంది చూడగలరు, ఆ ఒక్కడి మీద ఆధారపడక్కర్లేదు. నేను చెప్తున్నది కూడా మొదటి నుంచీ ఇదే.

పాతచింతకాయ
ఆయన్ని పిలిచి అడగలేదా?

కర్లీబ్రేస్
పిలిచారు. రాలేదు.

పాతచింతకాయ
ఎలా పిలిచారో.

డల్లాస్_బావ
మధ్యే మార్గం టౌరీ ఉంది కదా, ఎలక్ట్రాన్ లాంటిదే. 2022లో 1.0 వచ్చింది. క్రోమియం కట్టుకుపోదు, విండోస్‌లో అప్పటికే ఉన్న వెబ్‌వ్యూ2 అనే బ్రౌజర్ ఇంజిన్ వాడుకుంటుంది. ఇన్‌స్టాలర్ కొన్ని ఎంబీలే. మైక్రోసాఫ్ట్ టీమ్స్ కూడా ఎలక్ట్రాన్ వదిలేసి వెబ్‌వ్యూ2కి మారింది. 2023లో మెమరీ సగానికి తగ్గించామని వాళ్ళే చెప్పుకున్నారు.

పాతచింతకాయ
ఎలక్ట్రాన్ బరువని వాళ్ళే ఒప్పుకున్నారన్నమాట.

కర్లీబ్రేస్
వెబ్‌ని మాత్రం వదల్లేదన్నమాట.

డల్లాస్_బావ
వాట్సాప్ ఇంకా తమాషా. విండోస్‌లో ముందు ఎలక్ట్రాన్, 2022లో నేటివ్, 2025లో మళ్ళీ వెబ్‌వ్యూ2. అన్ని డబ్బులున్నవాళ్ళే ఇటూ అటూ తిరుగుతున్నారు.

తెనాలి_బిల్లు
విండోస్ 7 అండీ. మూడోసారి అడుగుతున్నాను.

లినక్స్_లక్ష్మి
వెళ్తానన్నాను కానీ మీ మీద జాలేసి వచ్చాను. ఎలక్ట్రాన్ 23 నుంచి విండోస్ 7, 8 రెండూ ఆగిపోయాయి. కారణం క్రోమియం 109తో ఆపేయడమే. వెబ్‌వ్యూ2 కూడా ఆ 109 దగ్గరే ఆగింది, కాబట్టి టౌరీ పెట్టుకున్నా కొత్త ఇంజిన్ రాదు. డాట్‌నెట్ ఫ్రేంవర్క్ 4.8 మాత్రం విండోస్ 7 సర్వీస్ ప్యాక్ 1 మీద నడుస్తుంది. ఇంత చర్చలో మీరడిగినదానికి జవాబు నాలుగు లైన్లు.

పాతచింతకాయ
చూశారా!

కర్లీబ్రేస్
ఎన్ని షాపుల్లో ఉంది విండోస్ 7? మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలోనే వదిలేసిన దాని మీద డబ్బు లెక్కలు పెట్టడమే తప్పు. ఆ మెషీన్లు మార్పించండి.

పాతచింతకాయ
మళ్ళీ అక్కడికే వచ్చావు. ఎవడి డబ్బుతో మార్పిస్తావు?

తెనాలి_బిల్లు
పద్నాలుగు షాపుల్లో ఉంది. మీరిద్దరూ చెప్పింది చదివాను. నాకు 61 ఏళ్ళు. షాపు వాళ్ళు ర్యామ్ కొనరు, అది నాకు తెలుసు. అయితే రాత్రి నిద్ర పట్టనిది దానివల్ల కాదు. మావాడు రేపు బెంగళూరు వెళ్తానంటే ఈ అరవై షాపులు ఎవరు చూస్తారు? సీ షార్ప్ అయితే నేను చూడగలను. ఎలక్ట్రాన్ అయితే వాడొక్కడే చూడగలడు. వాడితో ఈ మాట అనలేక ఇక్కడ ర్యామ్ గురించి అడిగాను.

బాపట్ల_బైట్
పెదనాన్నా, ఈ వేదికలో నేనూ ఉన్నాను. మొదటి పోస్టు నుంచీ చదువుతున్నాను.

నాకు ఎలక్ట్రాన్ మీద ప్రేమేం లేదు. మన కోడ్‌లో ఒక్క ఫారం వెనక తొమ్మిది వేల లైన్లున్నాయి. "సేవ్" బటన్ లోపలే జీఎస్టీ, స్టాక్, అప్పు ఖాతా, ప్రింట్ అన్నీ ఉన్నాయి. లెక్కలు వేరు, తెర వేరు చేద్దామని రెండుసార్లు అడిగాను. "నడుస్తున్నదాన్ని కెలకొద్దు" అన్నారు. ఎలక్ట్రాన్ అంటే ఎలాగూ మొత్తం కొత్తగా రాయాలి కదా, అప్పుడైనా విడదీయనిస్తారని అలా అన్నాను. విడదీస్తే తెర దేంట్లో ఉన్నా నాకు ఒకటే. రెజ్యూమేలో జావాస్క్రిప్ట్ ఉంటే మంచిదనీ అనుకున్నాను, అబద్ధం ఎందుకు.

పాతచింతకాయ
సీ షార్ప్‌కి ఉద్యోగాలు లేవని ఎవరు చెప్పారు బాబూ?

నిద్రమత్తు
బాబాయ్, ఇప్పుడు కాదు.

తెనాలి_బిల్లు
బెంగళూరు సంగతి?

బాపట్ల_బైట్
ఒక ఆఫర్ ఉంది. జూన్ దాకా టైం అడిగాను. ఇక్కడ కాదు, ఇంటికొచ్చి చెప్తాను.

తెనాలి_బిల్లు
ఆదివారం రా. వచ్చేటప్పుడు కొలకలూరు షాపులో ఉన్న విండోస్ 7 మెషీన్ పట్టుకురా, దాని బదులు మన స్పేర్ పెట్టి. ముందు పన్ను లెక్కలు విడదీద్దాం, నువ్వు చెప్పినట్టే. తెర సంగతి తర్వాత.

పాతచింతకాయ
డాట్ మ్యాట్రిక్స్‌లో పేరు లైన్ బొమ్మగా పంపే కోడ్ నా దగ్గర ఉంది. డెల్ఫీలో ఉంది. కావాలంటే చెప్పండి, చదివి వివరిస్తాను.

బాపట్ల_బైట్
కావాలి సార్.

ఒత్తులు_గుణింతాలు
ఆ కోడ్‌లో ఏ ఫాంట్ వాడారు? గౌతమి అయితే సన్నగా ఉండి రిబ్బన్ మీద ఒత్తులు కనపడవు.