పాత మండువా ఇంటికి వెనక గదులు: పాత గోడ మీద స్లాబు వేయొచ్చా?

ప్రశ్న: కోనసీమలో పాత మండువా ఇల్లు (నడుమ పైకప్పు లేని వాకిలి, అదే మండువా). గానుగ సున్నంతో కట్టిన ఇటుక గోడలు, టేకు దూలాలు, పెంకు కప్పు. వెనక వంటగది, రెండు బాత్రూములు కలపాలి. స్లాబుని పాత గోడ మీద ఆనిస్తే రెండు పిల్లర్ల ఖర్చు తగ్గుతుందంటున్నాడు మేస్త్రి. గోడలకి మూడడుగుల ఎత్తుదాకా చెమ్మ, సిమెంటు పూత పెచ్చులూడుతోంది.

జవాబు 1: ఆనించొద్దండి. పాత పునాది ఎప్పుడో సర్దుకుంది, కొత్తది ఇప్పుడు దిగుతుంది. రెండూ కలిపితే అతుకు దగ్గర పగులు ఖాయం. పిల్లర్లు విడిగా లేపి, మధ్య 25 మి.మీ. సందు వదిలి, పైన జీఐ (జింకు పూత ఇనుప) రేకు కప్పండి. రేకు ఒక అంచునే బిగించాలి. గోడ పక్కనే పిల్లరు గుంట పాత పునాది అడుగుకన్నా లోతుగా తవ్వితే గోడే జారుతుంది. అందుకే పిల్లరు దూరం జరిపి, బీముని గోడవైపు ముందుకు చాపించండి.

జవాబు 2: చెమ్మకి ముందు మండువాలో వాన నీళ్లు బయటికి పోయే తూము చూడండి, సగం ఇళ్లలో దొంగ అదే. సిమెంటు పూత తేమని లోపలే బంధిస్తుంది. చెమ్మ గీతకి అడుగు పైదాకా చెక్కేసి, ఒక పాలు సున్నం, మూడు పాళ్ల ఇసుకతో రెండు పూతలు, ఒక్కోటి 10-12 మి.మీ. పైన వెల్లసున్నమే, ప్లాస్టిక్ పెయింటు వద్దు.

జవాబు 3: వైరింగుకి పాత గోడల్లో గాడి కొట్టనివ్వకండి, పైపు బయటే వేయించండి. మండువా మీద షీటు వేస్తే చుట్టూ అడుగు ఖాళీ ఉంచాలి, లేకపోతే వేసవిలో ఇల్లు ఆవిరికుండే.