అమ్మ తినేదే తక్కువ, మరి లావు, షుగర్ ఎందుకు పెరుగుతున్నాయి?

ప్రశ్న: అమ్మకి 68 ఏళ్లు, ఒక్కతే ఉంటుంది. షుగర్ ఎప్పట్నించో ఉంది, మనిషి కూడా లావే. డాక్టరుగారు చూసిన ప్రతిసారీ "తిండి తగ్గించండి" అంటారు. మొన్న వంటింట్లో డబ్బాలు తీసి చూస్తే అన్నీ ఖాళీ. పింఛను డబ్బులు అయిపోయాక రాత్రి తినకుండా పడుకుంటోందట! మాత్రలు మాత్రం మానదు. ఒకరోజు షుగర్ 250, ఇంకోరోజు తెల్లవారుజామున చెమటలు, వణుకు. నాకేమీ అర్థం కావట్లేదు.

జవాబు 1: నేను షుగర్ క్లినిక్‌లో నర్సునండి. ముందు ఆ వణుకు సంగతి చూడండి. మాత్రల పేర్లేంటి? గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటివైతే, తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని బయటికి నెడుతూనే ఉంటాయి. పూట మానేసి అవి వేసుకుంటే షుగర్ పడిపోతుంది. అలా అనిపించగానే చూడండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలయ్యాక మళ్లీ చూడండి. కాలిఫోర్నియా ఆసుపత్రుల రికార్డులతో 2014లో వచ్చిన అధ్యయనంలో, పేదవాళ్లలో షుగర్ పడిపోయి ఆసుపత్రిలో చేరడం నెల మొదటి వారం కన్నా చివరి వారంలో 27 శాతం ఎక్కువని తేలింది. మీ అమ్మగారిది అచ్చం అదే.

ఇక లావు. డబ్బు చాలనప్పుడు మనిషి కొనేది కడుపు నింపేదే, అంటే పిండిపదార్థం, చక్కెర, నూనె. కూరగాయలు, మాంసకృత్తులు ముందు ఆగిపోతాయి. డబ్బు రాగానే ఆకలి కొద్దీ ఎక్కువ తింటారు, అప్పుడు 250. దయచేసి ఆవిడ్ని తిట్టకండి.

జవాబు 2: ఇంకోటి కూడా ఉందండి. తిన్న చక్కెరలో పెద్ద వాటా వాడుకునేది కండే. వయసుతో అదెలాగూ కరుగుతుంది, మాంసకృత్తులు అందకపోతే ఇంకా త్వరగా. పైకి లావుగా కనిపిస్తారు గానీ కుర్చీలోంచి చేయి ఊతం లేకుండా లేవలేరు. మా నాన్నకి అంతే. ఇలాంటివాళ్లని ఇంకా తగ్గించి తినమంటే కండే పోతుంది.

అడిగినవారు: గ్లిమెపిరైడేనండి. రేపే ఆపించేయనా?

జవాబు 1: మీ అంతట మీరు ఆపొద్దు. ఇవాళే డాక్టరుకి ఫోన్ చేసి, "నెలాఖరులో తిండి ఉండట్లేదు" అని ఆ మాటే చెప్పండి. అమ్మగారు సిగ్గుపడి చెప్పి ఉండరు. క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష) కూడా చూడమనండి, కిడ్నీలు మందగిస్తే ఈ మందుల ప్రభావం ఎక్కువసేపు ఉండిపోతుంది. వేరే జబ్బులు కూడా ఉన్న పెద్దవాళ్లకి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 8 శాతం లోపు ఉన్నా చాలంటారు, ఆవిడ విషయంలో ఎంతుండాలో అడగండి.

అడిగినవారు: ఫోన్ చేశానండి. రాత్రి తినకపోతే ఆ మాత్ర వేయొద్దన్నారు, సోమవారం తీసుకురమ్మన్నారు. ఈలోపు సరుకులు నేనే తీసుకెళ్తున్నా.