ఆన్‌లైన్ డిగ్రీ కోర్సుల్లో మార్కులు క్విజ్‌కా, ఊళ్ళో చేసే పనికా?

పలాస, స్టాటిస్టిక్స్ అధ్యాపకురాలు:

మా డిగ్రీ కళాశాలలో ఈ సెమిస్టర్ నుంచి స్టాటిస్టిక్స్ పేపరు ఒకటి పూర్తిగా ఆన్‌లైన్‌లో నడుస్తోంది. ఇంటర్నల్ మార్కులన్నీ వారం వారం పెట్టే క్విజ్‌కే ఇవ్వాలని మా విభాగంలో ఎక్కువమంది అంటున్నారు. నేను ఒప్పుకోలేకపోతున్నాను.

శనివారం రాత్రి తొమ్మిదింటికి క్విజ్ తెరుచుకుంటే, తొమ్మిదీ ఏడుకల్లా ‘1సి, 2ఏ, 3డి’ అంటూ జవాబులు వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. మొన్న 62 మందిలో 58 మందికి పూర్తి మార్కులు వచ్చాయి. సోమవారం అదే లెక్కను అంకెలు మార్చి అడిగితే మైకు తెరిచినవారు ముగ్గురు.

అందుకని ఒక వారం క్విజ్ మానేసి, ఇంట్లోనో వీధిలోనో లెక్కపెట్టగలిగినదాన్ని 12 సార్లు లెక్కపెట్టి, సగటు, ప్రామాణిక విచలనం (అంకెలు సగటుకు ఎంత అటూ ఇటూ చెదిరాయో చెప్పే కొలత) కట్టి, అంకెలు అలా ఎందుకొచ్చాయో సొంత మాటల్లో రాయమన్నాను. ఒక విద్యార్థిని తల్లి జీడిపప్పు కార్ఖానాలో గ్రేడింగ్ పని చేస్తారు. డబ్ల్యూ 320 రకమంటే పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 300 నుంచి 320 గుండు పప్పులు తూగాలి. యజమాని అనుమతితో ఆ అమ్మాయి లెక్కపెట్టిన 12 తూకాల్లో 11 ఆ హద్దులోనే ఉన్నాయి, ఒకటి మాత్రం 327 వచ్చింది. “ఆ పప్పు బాగా ఆరిపోయి తేలికయ్యుంటుందని మా అమ్మ అంటోంది కానీ, అదే డబ్బాలోంచి ఇంకో నాలుగు తూకాలు చూస్తేగాని నేను నమ్మను” అని రాసింది. నమూనా పరిమాణం గురించి, అంటే ఎన్ని తూకాలు చూస్తే నమ్మవచ్చన్నదాని గురించి, రెండు వారాలు నేను చెప్పిన పాఠమంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది.

విజయనగరం, కామర్స్ అధ్యాపకుడు:

మేడం గారూ, ఆ అమ్మాయి పని నాకూ సంతోషం కలిగించింది. అయితే నాకు మూడు సెక్షన్లలో 180 మంది ఉన్నారు. ఒక్కో నివేదికకు పది నిమిషాలు పట్టినా ముప్పై గంటలవుతుంది. ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ ద్వారా చదవవచ్చని యూజీసీ 2021లో అనుమతించాక ఈ భారం పెరిగేదే తప్ప తగ్గేది కాదు. పైగా క్విజ్‌ను తేలిగ్గా తీసిపారేయడం న్యాయం కాదు. చదివిందే మళ్ళీ చదివినవారికన్నా తమను తాము పరీక్షించుకున్నవారికి వారం తర్వాత ఎక్కువ గుర్తుంటుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికే 2006లోనే ప్రయోగం చేసి చూపించారు. కాపీ కొట్టడమే సమస్య అయితే, పెద్ద ప్రశ్నల నిధి తయారుచేసి ఒక్కొక్కరికి వేర్వేరు ప్రశ్నలు వచ్చేలా పెట్టుకోవచ్చు.

మందస ప్రాంత విద్యార్థిని, బీఎస్సీ రెండో సంవత్సరం:

మేడంకీ మాస్టారికీ నమస్కారం. మా ఇంట్లో ఫోను ఒక్కటే, సిగ్నల్ కావాలంటే చెరువు గట్టు మీదికి వెళ్ళాలి. ఇరవై నిమిషాల క్విజ్ మధ్యలో లైను పోయి నాకు ఒకసారి సున్నా వచ్చింది, పాఠం రాక కాదు. వారం గడువిచ్చిన పని అయితే కాగితం మీద చేసుకుని, ఫోను చేతికొచ్చినప్పుడు ఫోటో పంపగలను. వేరే పేపరులో వీడియో తీసి పంపమన్నారు. అది ఎక్కడానికే ఒక రోజు డేటా అంతా అయిపోయింది. ఇంకొక మాట కూడా నిజాయితీగా చెప్పాలి: ఊళ్ళో లెక్కపెట్టమంటే ఇంట్లో కూర్చుని అంకెలు కల్పించేవారూ ఉన్నారు.

పలాస, స్టాటిస్టిక్స్ అధ్యాపకురాలు:

తల్లీ, నువ్వు రాసింది మా విభాగంలో అందరికీ చదివి వినిపిస్తాను. మాస్టారూ, మీరు చెప్పిన ప్రయోగం గట్టిదే. కానీ అందులో విద్యార్థులు నాలుగు జవాబుల్లోంచి ఒకటి ఎంచుకోలేదు. చదివిన భాగంలో గుర్తున్నదంతా తెల్ల కాగితం మీద రాశారు. మనం పెడుతున్న క్విజ్ అది కాదు. క్విజ్ ఉండాలి, ఎన్నిసార్లైనా రాసుకోనివ్వాలి, దానికి మార్కులు వద్దు. మార్కు పెట్టిన మరుక్షణం అది జ్ఞాపకానికి సాధన కాకుండా వాట్సాప్ సరుకవుతోంది.

పనికి వారం వారం కాకుండా సెమిస్టర్‌కు రెండుసార్లే మార్కులు వేద్దాం. ఒక పేజీ, లెక్కపెట్టిన కాగితం ఫోటో, అంతే. సెక్షన్‌కు ఒక వారం చొప్పున, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు వేసుకుంటే 60 మందికి ఐదు గంటలు. కల్పించిన అంకెల విషయానికొస్తే, అవి చాలాసార్లు సగటు చుట్టూ మరీ బుద్ధిగా కూర్చుంటాయి. అనుమానం వచ్చినచోట “అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన అంకె ఎక్కడ, ఎలా వచ్చింది?” అని ఫోనులో అడిగితే, నిజంగా లెక్కపెట్టినవారు కథంతా చెబుతారు.

విజయనగరం, కామర్స్ అధ్యాపకుడు:

మార్కుల్లేకపోతే క్విజ్ ఎంతమంది రాస్తారన్న సందేహం నాకింకా ఉంది. అయినా ఒక సెక్షన్‌లో మీ పద్ధతి చూస్తాను. రామభద్రపురం కూరగాయల మార్కెట్‌లో కిలో వంకాయకు రైతు చేతికి ఎంత వచ్చింది, కొన్నవారు ఎంతకు అమ్మారు, అదే రోజు తమ ఊళ్ళో చిల్లరగా ఎంత పలికింది, ఈ మూడు ధరలూ వరుసగా నాలుగు వారాలు రాసుకురమ్మంటాను.