శతఘ్ని: సంఛన్నానా, సంచితానా?

అరసున్న: రెండో ప్రపంచ యుద్ధంలో రుమేనియా గురించిన వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. ట్యాంకుల్ని కొట్టే ఫిరంగి దగ్గర కలం ఆగింది. పత్రికల్లో శతఘ్ని వాడతారు గదా, అదే పెట్టేద్దామంటే ఓ పాదం నోట్లో ఆడుతూ పని చెయ్యనివ్వడం లేదు. "అయఃకంటక సం... మహతీ శిలా". ఆ మధ్యన సంఛన్నానా, సంచితానా? ఇంకోటి, ఆ ఫిరంగిని లాగే కవచం బండిని ట్రాక్టరు అంటే చదివేవాళ్లు దుక్కి దున్నేది అనుకుంటారేమో. దానికీ ఓ మాట చెప్పండి.

బండి ఱ: సంచితా. ఇనప ముళ్లు కూర్చినది అని. ఆప్టే సంస్కృత నిఘంటువులోనే ఉంది.

కొసమెరుపు: ఆప్టేలో ఉన్నవి రెండు, మాష్టారూ. "అయఃకంటకసంఛన్నా శతఘ్నీ మహతీ శిలా" ఒకటి, ఇనప ముళ్లు కప్పిన పెద్ద బండరాయి శతఘ్ని అని. "శతఘ్నీ చ చతుస్తాలా లోహకంటకసంచితా" మరొకటి, నాలుగు తాలల కొలత, ఇనప ముళ్లు కూర్చినది అని. మీరు దాని తల తెచ్చి దీని మొండేనికి అతికించారు.

బండి ఱ: పాఠాంతరం ఉండకూడదనేముంది? చకారానికి ఓ ఒత్తు ఎక్కువైతే ఛకారం. తాటాకు మీద అది గీతో పగులో ఎవరు చూశారు?

కొసమెరుపు: ఆకు పగిలినా ఛందస్సు పగలదు. "సప్తమం ద్విచతుర్థయోః" అన్నారు. శ్లోకంలో ఏడో అక్షరం లఘువయ్యేది సరిపాదాల్లో, అంటే రెండు, నాలుగుల్లో. సంచితాలో "చి" లఘువు, కాబట్టి "లోహకంటక" తర్వాత రెండో పాదంలో హాయిగా కూర్చుంది. "అయఃకంటక" మొదటి పాదం, అక్కడ గురువు కావాలి. సంఛన్నా తప్ప వేరే దారి లేదు.

బండి ఱ: ఆర్షానికి, ఋషుల మాటకి, మీ కొలబద్దలు పెట్టకండి. వాల్మీకి లంకని స్త్రీగా వర్ణిస్తూ "శతఘ్నీశూలకేశాంతాం" అన్నాడు. శతఘ్నులు, శూలాలు ఆవిడ జుట్టు కొసలట. ముళ్లు పైకి లేచి కనబడితేనే గదా జుట్టు! సంఛన్న అంటే కప్పేసినది. కప్పేస్తే ఏం కనబడుతుంది?

కొసమెరుపు: ముళ్లతో కప్పినది అనండి, ముళ్లే కనబడతాయి. సుందరకాండ దాకా పోనక్కర్లేదు, బాలకాండలో అయోధ్యకే "శతఘ్నీశతసంకులాం" అని ఉంది, వందల శతఘ్నులతో నిండినది అని. లంకకి జుట్టయిన శతఘ్ని అయోధ్యకి వట్టి లెక్క. శత్రువు ఊరికి ఉపమ, సొంతూరికి జాబితా! ఆ మహానుభావుడి చమత్కారం ఎవరూ పట్టించుకోరు.

పట్టాలు: నాకు ఛందస్సు రాదండీ, రుమేనియా సైన్యం సంగతి కాస్త చదివాను. అరసున్న గారూ, శతఘ్ని మాత్రం పెట్టకండి. 1942 నవంబరు 19న డాన్ నది ఒడ్డున వాళ్ల మూడో సైన్యం మీదికి సోవియట్ ట్యాంకులు వచ్చి పడ్డప్పుడు చేతిలో ఎక్కువగా ఉన్నవి 37, 47 మిల్లీమీటర్ల ఫిరంగులు. ఆ గుళ్లు టి-34 ముందు పలకకి తగిలి పక్కకి జారిపోయేవి. కాస్త పనికొచ్చే 75 మిల్లీమీటర్లవి డివిజనుకి ఆరంటే ఆరు, వాటినీ గుర్రాలే ఈడ్చాలి. ఒక్కదాన్ని ఆపలేని దానికి నూరుమందిని చంపేది అని పేరా?

మీరడిగిన బండి మలాక్సా. ఫ్రాన్సు వాళ్ల రెనో యూఈని బుకారెస్టులో నికొలాయె మలాక్సా కార్ఖానా లైసెన్సు మీద చేసింది. 300 అనుకున్నారు, 126 దగ్గర ఆగింది. ఇంజన్లు, గేర్‌బాక్సులు ఫ్రాన్సు నుంచి రావాలి, 1940 జూన్లో ఆ ఫ్రాన్సే పడిపోయింది. బండి ఎత్తు మీటరుంపావు, మనిషి గుండెల దాకా. లోపల ఇద్దరు కూచుంటారు, ఒక్కొక్కరి తల మీదా బోర్లించిన గిన్నెలా ఇనప మూత. వెనక 47 మిల్లీమీటర్ల ష్నైడర్ ఫిరంగి. పలక మందం 9 మిల్లీమీటర్లు, తిరిగి కాల్చడానికి మరతుపాకీ కూడా లేదు. దాంతో ఫిరంగిని శత్రువు ముందు దాకా లాక్కెళ్లాలి. నన్నడిగితే ఆ ఇద్దరి గుండె ధైర్యానికే ఓ మాట కావాలి.

కొసమెరుపు: మీటరుంపావంటే "చతుస్తాలా" కన్నా ఎక్కువే. తాల అంటే బొటనవేలి నుంచి నడిమివేలి దాకా చాచిన కొలత.

బండి ఱ: తాల అంటే తాటిచెట్టు. నాలుగు తాళ్ల ఎత్తు.

కొసమెరుపు: నాలుగు తాళ్ల ఎత్తు బండరాయిని కోట మీదికి ఎవరెత్తారు, ఆంజనేయులా?

నిగమశర్మ అక్క: మీరిద్దరూ రాయి కింద నుంచి బయటికి రండి నాయనా. పట్టాలు బాబూ, రుమేనియా వాళ్లు ఆ ఫిరంగిని ఏమంటారు?

పట్టాలు: "తున్ అంతికార్" అంటారమ్మా. తున్ ఫిరంగి. ట్యాంకు "కార్ దే లుప్తా". కార్ అంటే బండి, లుప్తా అంటే పోరు.

నిగమశర్మ అక్క: లుప్తా! మనకి లుప్తమంటే లోపించింది. లుప్తోపమ చెప్పేటప్పుడు ఇక ట్యాంకులే గుర్తొస్తాయి. పోరుబండి అంటే రథమే గదా. శత తీసి రథ పెట్టండి, రథఘ్ని. అయిపోయింది.

కొసమెరుపు: భేష్. వ్యాకరణం కూడా ఒప్పుకుంటుంది. చంపేది మనిషి కాకపోతే "అమనుష్యకర్తృకే చ" అనే పాణిని సూత్రంతో టక్ ప్రత్యయం వస్తుంది, పిత్తఘ్నం ఘృతం (పిత్తాన్ని పోగొట్టే నెయ్యి) లాగా. టకారం గుర్తున్న ప్రత్యయం కాబట్టి స్త్రీలింగంలో ఙీప్, అంటే చివర ఈకారం, రథఘ్నీ. తెలుగులో కొస పొట్టి చేసుకుంటాం.

బండి ఱ: రథఘ్ని అని వేస్తే భీష్మపర్వం అనుకుని తిరగేస్తారు. కార్ అంటే బండి అన్నారుగా, బండిఘ్ని అనండి.

కొసమెరుపు: వైరి సమాసం! తెలుగు మాటకి సంస్కృతం తోక.

బండి ఱ: పత్రికల వాళ్ల ట్యాంకు విధ్వంసకం ఏ సమాసమో?

తోపు: హైదరాబాదులో తోప్ కా సాంచా ఉన్నది, నిజాం కొలువులో ఫ్రెంచి రేమండ్ పెట్టిన ఫిరంగుల కార్ఖానా. తుర్కీ నుంచి వచ్చిన తోప్, మన దగ్గర తోపయింది. ట్యాంకు తోపు అంటే ఐపాయె. ఈ కాలం పిల్లలకు కూడా సమజైతది, గట్టోడు అని.

నిగమశర్మ అక్క: మామిడితోపు అనుకునేవాళ్ల మాటేమిటి?

పట్టాలు: నిజంగా తోపు అనదగ్గది వాళ్ల దగ్గర 1943లో వచ్చింది, రేషిత్సా 75. జర్మనీ పాక్-40, సోవియట్ జిస్-3, రేషిత్సాలో అప్పటికే చేస్తున్న, విమానాల్ని కొట్టే వికర్స్ ఫిరంగి, ఈ మూడింట్లోనూ మంచివి ఏరి కర్నల్ వలేరియన్ నెస్తొరెస్కు ఆధ్వర్యంలో కూర్చారు.

నిగమశర్మ అక్క: కవిత్రయ ఫిరంగి అన్నమాట. ఇందులో తిక్కన ఎవరు?

పట్టాలు: జిస్-3 అనుకోండి. తేలిక, పొల్లు ఉండదు.

కొసమెరుపు: తిక్కనకి పొల్లు లేదని ఎవరన్నారు? ఉద్యోగపర్వం రాయబారంలో...

అరసున్న: అందరికీ దండం. "ట్యాంకు ఫిరంగి" అని రాసి పంపేస్తున్నాను.

కొసమెరుపు: అయ్యో, అది షష్ఠీ తత్పురుషం. ట్యాంకు యొక్క ఫిరంగి, ట్యాంకు మీద ఉన్నది అయిపోతుంది.

నిగమశర్మ అక్క: తేలుమందంటే తేలు వేసుకునే మందా? పాముమంత్రం పాము చదువుతుందా? పంపండి అరసున్న గారూ.

పట్టాలు: చిన్న చిక్కుందమ్మా. మరెషాల్ అని ఓ చిన్న పట్టాల బండి చేశారు, దాని చివరి నమూనాల మీదికి ఆ రేషిత్సా ఫిరంగినే ఎక్కించారు. నమూనాలు దాటలేదనుకోండి. ట్యాంకు లాంటి బండి మీదెక్కిన ట్యాంకు ఫిరంగి, దాన్ని ఏ సమాసం చేస్తారు?

బండి ఱ: అది ద్వంద్వం. సంచితా సంగతి మాత్రం నేను వదల్లేదు. ఆప్టేకి ముందు ఆ పాదం ఏ కోశంలో ఉందో కొసమెరుపు గారు చెప్పాలి.